చెట్టు దగ్గర ఆగండి: పాలకొండలు, లంకమల, శేషాచలం అడవి నడకపై పాఠకుల ప్రశ్నలు

కడప, అన్నమయ్య, తిరుపతి జిల్లాల కొండల్లో కాలినడకన తిరిగి మొక్కలను గుర్తుపట్టడం గురించి ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. వచ్చినవాటిలో ఒకేలాంటివి కలిపి, పది మందికీ పనికొచ్చేవి ఎంచి జవాబులిస్తున్నాం. ఈ కొండలకు వచ్చేవాళ్లలో చాలామందికి జలపాతాలు, గుళ్లు తెలుసు. ఆ దారికి రెండు పక్కలా ఉన్న చెట్లు తెలియవు. వాటిలో కొన్ని ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగవు.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి. రాజంపేట వైపు నుంచి ఒక రోజు అడవిలో నడవాలని ఉంది. ఏ నెలలో రావాలి? ఎంత దూరం పెట్టుకోవాలి?
— ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

ముందు ఏం చూడాలనుకుంటున్నారో తేల్చుకోండి, నెల దాన్నిబట్టి వస్తుంది. ఇక్కడ ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాలు కూడా తడుపుతాయి కాబట్టి తెలంగాణ అడవులు ఎండుముఖం పట్టే డిసెంబరులో కూడా ఇక్కడ పచ్చదనం ఉంటుంది. తీగలు, గడ్డలు, నేలమొక్కలు చూడాలంటే ఆగస్టు చివర నుంచి జనవరి మొదటి వారం దాకా రండి. చెట్ల బెరడు, ఆకు లేని కొమ్మ మీద పువ్వు చూడాలంటే ఫిబ్రవరి, మార్చి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఒకపక్క, కార్చిచ్చు ఒకపక్క. మొదటిసారి వచ్చేవాళ్లు ఆ రెండు నెలలూ మానుకోవడమే మంచిది.

అక్టోబరు, నవంబరుల్లో ఇంకో ప్రమాదం ఉంది. వాయుగుండం పడితే వాగులు గంటల్లోనే నిండుతాయి. మీరు నిలబడ్డచోట చినుకు లేకపోయినా పైన కొండ మీద కురిసిన వాన కిందికి దూకుతుంది. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్టే కొట్టుకుపోయింది. వాన సూచన ఉన్న రోజు వాగు దాటే దారి ఎంచుకోకండి. దాటాక నీళ్లు ఎర్రబడ్డాయన్నా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయన్నా అప్పటికే ఆలస్యమైందని లెక్క. ఎత్తు గట్టు మీదే ఆగి నీళ్లు తగ్గేదాకా కాచుకోండి.

దూరం సంగతి: మొక్కలు చూసే నడకలో 5 గంటలకు 4 కిలోమీటర్లు చాలు. గంటకు 4 కిలోమీటర్ల లెక్క వేసుకుని వచ్చేవాళ్లు మధ్యాహ్నానికి అలసిపోయి, ఏమీ చూడకుండా తిరిగి వెళ్తారు. పొద్దున 6కి బయల్దేరి 11 గంటలకు వెనక్కి చేరేలా పెట్టుకోండి. మనిషికి చలికాలంలో 3 లీటర్లు, మార్చిలో 4 లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు ఉండాలి. తలా రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వేసుకోండి. లీటరు కోసం తయారైన ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. కొద్దికొద్దిగా చిటికెలతో కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ఈ కొండలు ఎక్కువగా పలుగురాయి లాంటి గట్టి రాళ్లు. దొర్లే పెళ్లలు, పదునైన అంచులు. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే కాళ్లు మెలిపడతాయి, అందుకే దిగడానికి ఎక్కినంత సమయమూ ఉంచుకోండి.

ప్రశ్న: అనుమతి ఎవరిని అడగాలి? ఊళ్లోవాళ్లని తీసుకుని వెళ్తే సరిపోదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సరిపోదు. ఈ అడవుల్లో ఎక్కువ భాగం రిజర్వు ఫారెస్టు, లేదంటే అభయారణ్యం, జాతీయవనం. అభయారణ్యాల్లోకి వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి, రిజర్వు ఫారెస్టు 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కిందికి వస్తాయి. పైగా ఇది ఎర్రచందనం ప్రాంతం. సంచులతో దారి తప్పి తిరిగే కొత్త మనుషులను సిబ్బంది దొంగలనే అనుమానిస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఆ డివిజన్ డీఎఫ్‌ఓ (డివిజన్ అటవీ అధికారి) ఆఫీసులో కనీసం రెండు వారాల ముందు దరఖాస్తు ఇవ్వండి. అందరి పేర్లు, గుర్తింపు కార్డు నకళ్లు, బండి నంబరు, లోపలికి వెళ్లే చోటు, బయటికి వచ్చే చోటు, తేదీ, గంటలు రాయండి. ‘మొక్కల పరిశీలన, ఫొటోలు, ఏదీ కోయం, సేకరించం’ అని ఒక వాక్యం కలపండి. ఆ చోటు కాపలా చూసే బీట్ సిబ్బందిని తోడు అడగండి. గొడ్డలి, కొడవలి, వేటకత్తి ఏదీ సంచిలో ఉండకూడదు, పండ్లు కోసుకోవడానికైనా సరే.

అనుమతి రాకపోతే బాధపడనక్కర్లేదు. తలకోనలో అటవీ శాఖ నడకదారులున్నాయి. అక్కడి గిల్లతీగను చూడండి: మనిషి నడుమంత లావు కాండం చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది, కాయ మీటరు దాటి వేలాడుతుంది. తిరుమలకు చంద్రగిరి వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి కూడా పగటిపూట మొక్కలు చూసేవాళ్లకు చక్కని పాఠం. ఏడాదికోసారి ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటి జరుగుతుంది. అప్పుడు భక్తులతో పాటు లోపలి అడవిలోకి నడిచే వీలుంటుంది. కానీ ఆ రద్దీలో చెట్టు దగ్గర ఆగడం కష్టం.

ప్రశ్న: ఎర్రచందనం చెట్టును ఎలా గుర్తుపట్టాలి? బెరడు మొసలి చర్మంలా ఉంటుందని చదివాను. నేను ఫొటో తీసిన చెట్టు అలాగే ఉంది గానీ, అది వేరే చెట్టని మా లెక్చరర్ గారు అన్నారు.
— డిగ్రీ విద్యార్థిని, కడప

మీ లెక్చరర్ గారి మాటే నిజం కావచ్చమ్మా. బెరడు ఒక్కటే చూసి పేరు పెట్టడం ఈ అడవిలో అందరూ చేసే మొదటి తప్పు. ఎర్రచందనం ముదురు చెట్టు బెరడు నల్లబారి, నిలువు, అడ్డం పగుళ్లతో చిన్న చిన్న పలకలుగా విడిపోతుంది. నల్లమద్ది బెరడు కూడా అచ్చం అలాగే పగులుతుంది. రెండూ ఒకే వాలు మీద పక్కపక్కన ఉండొచ్చు.

ఆకు చూడండి. నల్లమద్దికి విడి ఆకు: ఒక కాడకు ఒకటే వెడల్పాటి ఆకు. దాన్ని తిప్పి, కాడ మొదట్లో నడిఈనె పక్కన వేలితో తడమండి, చిన్న బుడిపెలు తగులుతాయి. అవి తేనె గ్రంథులు. ఎర్రచందనానికి ఒక కాడకు మూడు చిట్టాకులు, అప్పుడప్పుడు నాలుగైదు. చిట్టాకు గుండ్రంగా, కొస కాస్త నొక్కుకుని ఉంటుంది.

ఇక్కడే రెండో చిక్కు. వేగిస అనే చెట్టు ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. దానికి చిట్టాకులు 5 నుంచి 7. దెబ్బ తగిలితే రెండింటికీ ఎర్రటి బంక కారుతుంది, రెండింటి కాయా చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి బిళ్ల. అందుకే ఒకే ఆకు చూసి తేల్చకండి. ఒకే కొమ్మ మీద పది ఆకులు లెక్కపెట్టండి. ఎక్కువ మూడు వస్తే ఎర్రచందనం, ఎక్కువ ఐదు, ఏడు వస్తే వేగిస. ఆకు రాలిన కాలంలో అయితే చెట్టు కింద ఎండుటాకులు వెతకండి. కానీ చిట్టాకులు విడివిడిగా రాలతాయి, కాబట్టి కాడ మీద అవి ఉన్న గుర్తులు లెక్కించాలి. నల్లమద్ది కాయకు ఐదు రెక్కలుంటాయి, అది దొరికితే ఇక అనుమానం లేదు.

చెట్టు పక్కన నేల కూడా చూసి రాసుకోండి. ఎర్రచందనం రాతి వాలుల్లో, గులకరాళ్ల నేలలో, నీళ్లు నిలవనిచోట బాగుంటుంది. అదే కారణంగా తోటల్లో నల్లరేగడి మీద నాటి, వేళ్లు కుళ్లి, చచ్చిందని వాపోతుంటారు. ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. రాలిన చెక్కముక్కను కూడా జ్ఞాపకంగా జేబులో వేసుకోకండి. చెక్‌పోస్టు దగ్గర అది జ్ఞాపకం కాదు, కేసు.

ప్రశ్న: మాది బద్వేలు దగ్గర. లంకమల కింద అంతా ముళ్లకంప. అందులో చూడ్డానికేముంది సార్? అందరూ కొండ మీదికే పొమ్మంటారు.
— ఒక రైతు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో మాకు బాగా నచ్చింది ఇదే. మీరు ‘కంప’ అంటున్న దాన్ని బీడు కింద జమకట్టి చాలా పోగొట్టుకున్నాం. పొద మధ్య ఖాళీ నేల, మళ్లీ పొద, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీ నేల వృథా కాదు. కలివికోడి అనే పిట్ట రాత్రిపూట పరిగెత్తి చెదపురుగులను, చిన్న పురుగులను ఏరుకునేది అక్కడే. కలివిపొదల్లో ఉంటుంది కాబట్టి మీ వైపు వాళ్లే దానికి ఆ పేరు పెట్టారు. 1900 తరవాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో లంకమల కింద రెడ్డిపల్లె దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్‌కు, ఊరివాళ్ల సాయంతో, మళ్లీ దొరికింది. లంకమల్లేశ్వర అభయారణ్యం ఆ తరవాత వచ్చిందే. తెలుగుగంగ కాలువ దారిని కూడా ఆ పిట్ట కోసం మార్చారు.

ఇక మొక్కలు. ఒక పొద దగ్గర కూర్చుని అరగంట చూడండి. కలివికి ముళ్లు జంటగా, నిటారుగా ఉంటాయి. ఆకు తుంచితే పాలు వస్తాయి. పువ్వు తెల్లటి చిన్న నక్షత్రం, మల్లె వాసన. బలుసుకు కూడా జంటముళ్లే గానీ పాలు రావు. రేగుకు ముళ్లు రెండు రకాలు: ఒకే కణుపు దగ్గర ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా. పరికి ముల్లు కొక్కెంలా వెనక్కి తిరిగి ఉంటుంది. చండ్రకు కూడా కొక్కెం ముల్లే, కానీ ఆకు సన్నటి ఈకలా ఉంటుంది కాబట్టి పొరబడరు. ముల్లు, పాలు, ఆకు అమరిక. ఈ మూడూ పట్టుకుంటే పువ్వు లేని రోజున కూడా కంపలో సగం మొక్కలకు పేరు చెప్పగలరు.

కొక్కెం ముల్లు పట్టుకున్నప్పుడు ముందుకు లాగితే మరింత దిగబడుతుంది, చొక్కా, చర్మం రెండూ చిరుగుతాయి. ఒక అడుగు వెనక్కి వేయండి. కొమ్మను కొసన పట్టుకుని, ముల్లు వచ్చిన దారినే వెనక్కి తీయండి. ముందు నడిచేవాళ్లు కొమ్మను పట్టుకుని వదిలేస్తే వెనకవాళ్ల కంటికి తగులుతుంది, అందుకే మనిషికీ మనిషికీ మూడు అడుగుల ఎడం ఉండాలి. సర్కారు తుమ్మ ముల్లు మాత్రం వేరు. అది పొడుగ్గా, సూదిలా ఉండి హవాయి చెప్పును, పలచటి స్పోర్ట్స్ షూ అట్టను కూడా దిగుతుంది. గట్టి అట్ట ఉన్న, మడమ దాటిన బూట్లే వేసుకోవాలి.

ఒక విన్నపం: కలివికోడి కోసం రాత్రిపూట టార్చి వేసుకుని వెళ్లకండి, ఫోనులో దాని కూత మోగించకండి. మీ పొలం అంచున ఉన్న కంపను జేసీబీతో ఊడ్చేయకుండా ఉంచితే అంతకన్నా పెద్ద మేలు లేదు.

ప్రశ్న: అమెరికా నుంచి సెలవులకు వస్తున్నాం. మా పిల్లలకు అడవి పండ్లు తినిపించాలని ఉందండి. ఏవి తినొచ్చు?
— ఒక తల్లి, టెక్సస్

అభయారణ్యంలో కోయకూడదు. బయట, ఊరి పొలిమేరల్లో, తెలిసిన ఊరివాళ్లు చేత్తో కోసి ఇచ్చినవైతే రేగు, పరికి, బలుసు, కలివి, నేరేడు, ఏప్రిల్-మే నెలల్లో తునికి, మొర్రి, పాలపండ్లు పెట్టొచ్చు. ఫోను యాప్ చెప్పిందని ఏదీ నోట్లో వేయకండి. ఎందుకో చెబుతాం.

చిల్ల, ముష్టి అని రెండు చెట్లున్నాయి, రెండూ దగ్గరి చుట్టాలే. రెండింటి ఆకులూ ఎదురెదురుగా ఉంటాయి, రెండింటికీ ఆకు మొదట్లోంచే మూడు నుంచి ఐదు ఈనెలు బయల్దేరతాయి. లేత చెట్ల ఫొటోలు చూస్తే తేడా తెలియదు. చిల్ల పండు ద్రాక్షంత, పండితే నల్లగా, లోపల సాధారణంగా ఒక గింజ. ముష్టి పండు నారింజంత, పసుపు-నారింజ రంగు, గట్టి పెంకు, లోపల పట్టులాంటి నూగున్న బూడిదరంగు బిళ్ల గింజలు. ఆ గింజల్లో స్ట్రిక్నైన్ ఉంటుంది. పిల్లలకు అచ్చం నారింజలా కనబడేది అదే, చంపేదీ అదే.

గురివింద గింజలతో ఆటలు వద్దు. గట్టి పెంకు పగలకపోతే లోపలి విషం బయటికి రాదు గానీ, సూదితో గుచ్చి దండ కట్టినా, నమిలినా ప్రమాదమే. వానాకాలంలో ఎరుపు, పసుపు మంటలా పూసే అడవినాభి ఇంకొకటి: ఆకు కొస నులితీగలా చుట్టుకుంటుంది, ఇంగ్లీషు అక్షరం ‘వి’లా ఉండే గడ్డ. చిలగడదుంప అనుకుని ఉడికించినా దాని విషం పోదు. అడవి గడ్డలు యానాదులు, చెంచులు తింటారు కదా అంటారు. వాళ్లు ఏ గడ్డను ఎన్నిసార్లు ఉడికించి, ఏ నీళ్లు పారబోయాలో తరతరాలుగా తెలిసినవాళ్లు. మనకు ఆ తెలివి లేదు.

ప్రశ్న: చిల్లగింజతో వాగు నీళ్లు శుభ్రమవుతాయని మా తాతగారు చెప్పేవారు. నడకలో పనికొస్తుందా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

మీ తాతగారు చెప్పింది నిజమే, సగం వరకు. గింజను కొద్ది నీళ్లతో కుండ లోపలి గోడకు అరగదీసి, బురదనీళ్లు పోసి కదిపి కొన్ని గంటలు ఉంచితే మట్టి గడ్డకట్టి అడుక్కి దిగుతుంది. నీళ్లు తేటపడతాయి. కానీ క్రిములన్నీ చావవు. పైతేటను నాలుగు మడతల బట్టతో వడగట్టి, తెర్లే దాకా మరిగించి, ఆ మరుగు మీద ఒక నిమిషం ఉంచాకే తాగాలి. అడవిలో పొయ్యి వెలిగించడం నిషేధం కాబట్టి నడకకు ఇంటి నీళ్లే మోసుకెళ్లండి.

ప్రశ్న: పోయిన జనవరిలో తీగ తగిలి ఒళ్లంతా దద్దుర్లు. నీళ్లతో రుద్ది కడిగితే ఇంకా ఎక్కువైంది. ఏమిటది?
— ఒక పాఠకుడు, చిత్తూరు

కాలాన్నిబట్టి చూస్తే దూలగొండి. చిక్కుడులా మూడు చిట్టాకులు, ఊదా పువ్వులు, గోధుమరంగు నూగు కప్పిన వంకర కాయ. చలికాలంలో కాయ ఎండితే ఆ నూగు గాలికే రాలుతుంది. ఒక్కో వెంట్రుకా సూక్ష్మమైన సూది. లోపలి మ్యుకునైన్ అనే ఎంజైము దురద పుట్టిస్తుంది. మీరు రుద్దడంతో సూదులు విరిగి లోపలికి దిగాయి, ఇంకా తగలనిచోటికీ పాకాయి.

ఈసారి అలా జరిగితే నిలబడ్డచోటే ఆగండి. చేత్తో తుడవకండి, తువ్వాలు వాడకండి. అంటుకునే వెడల్పాటి టేపు చర్మానికి అద్ది, ఒక్కసారిగా లాగండి. ప్రతిసారీ కొత్త ముక్క. నాలుగైదు సార్లకు చాలావరకు వచ్చేస్తాయి. ఆ తరవాతే చన్నీళ్లు, సబ్బు. బట్టలు లోపలివైపు బయటికి తిప్పి విప్పి, విడిగా ఉతకండి. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లు ధారగా పోస్తూ ఆస్పత్రికి వెళ్లాలి. అడవి నడక సంచిలో ఒక టేపు చుట్ట ఎప్పుడూ ఉండాలి.

అదే కాలంలో పిడుదులు కూడా ఎక్కువ. ఇంటికి రాగానే చంకలు, నడుము, మోకాళ్ల వెనక చూసుకోండి. పట్టుకున్నదాన్ని చర్మానికి ఆనించి పట్టకారుతో నిదానంగా తిన్నగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు, అలా చేస్తే పిడుదు తన లోపలిది మన ఒంట్లోకి కక్కుతుంది. అడవికి వెళ్లొచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే, ఒంటి మీద నల్లటి పక్కులాంటి పుండు ఉందేమో వెతికి, అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకు చెప్పండి. స్క్రబ్ టైఫస్ (పిడుదుల వల్ల కాదు, అంతకన్నా చిన్న చిగ్గర్ పురుగుల కాటుతో వచ్చే జ్వరం) అయితే ముందే పట్టుకోవచ్చు, మందుకు బాగా లొంగుతుంది.

ప్రశ్న: మార్చిలో అడవి మొత్తం చచ్చిపోయినట్టుంది. ఆకు లేకుండా చెట్లను ఎలా పోల్చుకోవాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

చావలేదు, నీళ్లు దాచుకుంటోంది. బోడికొమ్మ మీద అరచేయంత పసుపు పువ్వులుంటే కొండగోగు. బెరడు తెల్లగా, నున్నగా, కాగితంలా ఊడుతూ మోడై నిలబడితే తపసి కావచ్చు. దాని కాయ మాత్రం ముట్టుకోవద్దు, నూగు గుచ్చుకుంటుంది. కొండగుగ్గిలం బెరడు కూడా పొరలుగా లేస్తుంది, గీతపడినచోట సాంబ్రాణి వాసన వస్తుంది. వాసన కోసం మీరు మాత్రం గీయకండి. అది ఈ కొండలకే పరిమితమైన చెట్టు, బంక కోసం పెట్టిన గాట్లతోనే చాలా చెట్లు ఎండిపోయాయి.

నేల మీద కాలి నల్లబడిన చోట ఈతమొక్కలా పచ్చగా కొత్త ఆకులేస్తూ కనబడితే దగ్గరికి వెళ్లండి. ఈత కాదది, పేరీత. సైకస్ జాతి, పువ్వులు పూయని పాతకాలపు మొక్క. మొగ, ఆడ మొక్కలు వేరు. మంటకు ఆకులు మాడినా కాండం బతికి మళ్లీ చిగురిస్తుంది. మగ మొక్కకు పువ్వు బదులు వచ్చే శంకువులను మందులకని నరికేయడంతో గింజ కట్టడం తగ్గింది. అది సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే ఇంకా కఠినమైన జాబితాలో ఉంది. శంకువు కనబడితే ఫొటో తీసుకోండి, ఆ చోటు సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి.

ప్రశ్న: ఫొటోలు పంపితే పేర్లు చెబుతారా?
— చాలామంది

చెబుతాం. ఒక్కో మొక్కకు ఏడు ఫొటోలు కావాలి: మొత్తం చెట్టు, పక్కన పది రూపాయల నాణెం పెట్టి తీసిన బెరడు (నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు, కొలతకు పనికొస్తుంది), ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయో ఒకటి విడిచి ఒకటి ఉన్నాయో తెలిసేలా రెమ్మ, ఆకు పైభాగం, ఆకు అడుగు, పువ్వు పక్క నుంచి, కాయ. పువ్వు ముఖం ఒక్కటే తీసి పంపేవాళ్లే ఎక్కువ, దానితో చెప్పడం కుదరదు. తేదీ, మండలం, రాతినేలా వాగొడ్డా, వాసన, పాల రంగు రెండు ముక్కల్లో రాయండి. ఊరివాళ్లు చెప్పిన పేరు విన్నది విన్నట్టు, ఏ ఊరో కూడా రాయండి. దిద్దకండి. ఒకే పేరు రెండు ఊళ్లలో రెండు మొక్కలకు ఉంటుంది, ఆ తేడా మీ రాతలోనే దొరుకుతుంది. రెమ్మ తెంపి కవర్లో పెట్టి పంపకండి.